ఏడో గుంట మీద గొర్రెల మంద

పెద్దమనుషులు ఆడుకునే మైదానాన్ని శాస్త్రోక్తంగా ఎలా పాడు చేయవచ్చో నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో మరొకరికి తెలియదని వినయంగా మనవి చేస్తున్నాను.

చిట్యాలకు కొంత దూరంలో ఉన్న ఒక గోల్ఫ్ మైదానంలో పచ్చిక పర్యవేక్షకుడిగా నాకు తొలి ఉద్యోగం దొరికింది. మా వంశంలో అందరూ గొర్రెలను గడ్డి మీదికి తోలినవారే. వ్యవసాయ డిగ్రీ చదివి, గడ్డిని కాపాడే జీతానికి కుదిరిన మొదటివాణ్ణి నేను. జూలైలో జరిగే పోటీలో అతిథులు పచ్చికను మెచ్చుకుంటే కొలువు పర్మినెంటు, లేకపోతే ఇంటిదారి అని మేనేజరు గారు మొదటి రోజే తేల్చి చెప్పారు.

మే నెల వచ్చేసరికి బోర్లు గుక్కెడు నీళ్ళు కక్కి దగ్గడం మొదలుపెట్టాయి. ఏడో గుంట, అంటే ఆటలో బంతిని పడేయాల్సిన ఏడో రంధ్రం, చుట్టూ ఉన్న పచ్చిక మా అవ్వ పాత గొంగడి రంగుకు తిరిగింది. నీళ్ళు చాలనప్పుడు సంచి ఎరువు చల్లితే మిగిలిన గడ్డీ మాడుతుంది. అప్పుడు నాలో వంశమూ డిగ్రీ ఒక్కసారే మేల్కొన్నాయి. మృగశిర కార్తెకు ముందు పొలాల్లో గొర్రెల మంద పెట్టించుకోవడం మా వైపు ఆనవాయితీ. రాత్రి మంద పడుకున్న చోట పెంటతో నేలకు బలం వస్తుంది. ఆపైన ఒక్క వాన చాలు. "జీవాధారిత సేంద్రియ పోషణ" అని దరఖాస్తు రాస్తే మేనేజరు గారు చదవకుండానే సంతకం చేశారు. చదివినా అర్థమయ్యేది కాదు. రాసిన నాకే సగం అర్థం కాలేదు.

మంద తోలుకొచ్చిన మా బాపు చుట్టూ చూశాడు.

"గీ జాగల పంటేదిరా?"

"గడ్డే పంట బాపు."

"పెంచి ఏం జేస్తరు?"

"కోస్తం."

"కోసి ఎవలికేస్తరు?"

"పారేస్తం."

"మంచిగనే చదివినవు బిడ్డా," అన్నాడు బాపు జాలిగా.

మూడు రాత్రులు మంద పెట్టాం. నాలుగో రోజు వాన దంచి కొట్టింది. పది రోజులకు ఏడో గుంట చుట్టూ పచ్చదనం పొంగిపొర్లింది. వంగి చూస్తే అందులో సగం గడ్డి కాదు; వేలెడేసి సర్కారు తుమ్మ మొలకలు! గొడ్డలికి కూడా లొంగని ఆ ముళ్ళ చెట్టును ఎరుగని రైతు ఉండడు. వెంటనే ఫోన్ చేశాను.

"బాపు, మన గొర్లు ఏం తిన్నయి?"

"ఎండకాలం ఏం తింటయిరా, బిర్యానీ తింటయా? తుమ్మకాయలే తిన్నయి."

"గింజలన్నీ మొలిచినయి బాపు!"

"మొలుస్తయి మరి. మంద లేచినంక నాగలి కొడితే అన్నీ పోతయి. దున్నలేదా?"

"గోల్ఫ్ మైదానం ఎవలన్న దున్నుతరా బాపు?"

"దున్ననోళ్ళు మంద ఎందుకు పెట్టిచ్చుకున్నరురా?"

ఈ ప్రశ్న మా సిలబస్‌లో లేదు.

నిజం చెబితే కొలువు పోతుంది. పీకుదామంటే మొలకలు వేలల్లో ఉన్నాయి. కనుక గడ్డి కోసే మిషన్‌తో రోజూ గడ్డితో పాటే తుమ్మనూ సమంగా కోయించాను. పైకి తివాచీలా కనిపించింది. కోసినకొద్దీ కింద మొదళ్ళు మేకుల్లా గట్టిపడుతున్న సంగతి చేత్తో తడిమి చూస్తే తెలిసేది. నేను దూరం నుంచే ఆనందించాను.

పోటీ రోజున అతిథులు ఏడో గుంటనే పొగిడారు. మేనేజరు గారు నా భుజం తట్టారు.

"శభాష్! నీ కొలువు పక్కా. ఫోటో గీడనే దిగుదాం. అందరు కూసోండ్రి!"

"నిలబడితేనే మంచిగుంటది సార్..."

"గింత మంచి గడ్డి పెట్టుకొని నిలబడుడేందయ్యా? ముందుగాల నేనే కూసుంట."

తెల్ల ప్యాంట్లు తొడిగిన ఎనిమిది మంది ఒక్కసారే కూర్చున్నారు. ఎనిమిది మందీ ఒక్కసారే లేచారు. సరిగ్గా ఆ క్షణానే ఫోటో పడింది. అందులో నేలను తాకుతున్నవారు ఒక్కరూ లేరు.

విషయమంతా విన్న మేనేజరు గారు నిలబడే తీర్పు చెప్పారు, కూర్చునే స్థితిలో లేరు గనుక.

"పక్కా అన్న మాట వాపస్ తీసుకోను. గాని తుమ్మ ఆఖరి వేరు పీకేదాక నువ్వు గీ మైదానం ఇడిచి పోవద్దు!"

సర్కారు తుమ్మ ఆఖరి వేరును చూసినవారు లేరు. అందువల్ల నా కొలువుకు నేటికీ ఢోకా లేదు. ఇకపై ఏ జీవి ఎరువైనా సరే, ఆ జీవి అంతకు ముందు ఏం తిన్నదో వాంగ్మూలం తీసుకోనిదే నేల మీద పడనివ్వనని, చేతిలో పారతో, మోకాళ్ళ మీద ఉండి ప్రమాణం చేస్తున్నాను.