డాక్టరు భవానీప్రసాద్ కుశలప్రశ్న

డాక్టరు భవానీప్రసాద్‌కి ఉన్నది ఒకటే తిక్క. ఎవరు ఎదురైనా "బాగున్నారా?" అనడు. "మీ ఇంట్లో మతి చెడినవాళ్ళు ఎంతమంది?" అంటాడు. అదీ మామిడికాయల ధర అడిగినంత మామూలుగా! కంచికచర్ల బస్సులో కండక్టరుని అడిగితే, టిక్కెట్టు కూడా కొట్టకుండా దింపేశాడు.

మద్రాసు ఆసుపత్రిలో మెదడుకి ఫోటోలు తీసి, మతి చెడడమనేది ఏ తరం నుంచి ఏ తరానికి దిగుతోందో వెతకడం ఆయన ఉద్యోగం. సెలవుకి నందిగామలో అక్క రాఘవమ్మ ఇంటికొస్తే ఊరుకోవచ్చుగా! ముగ్గుగిన్నె లాక్కుని వాకిట్లో ఊళ్ళోవాళ్ళ వంశాలు వేసేవాడు. మగవాళ్ళకి డబ్బాలు, ఆడవాళ్ళకి సున్నాలు, మతి చెడినవాళ్ళకి పసుపు. మేనరికాల పుణ్యమా అని గీతలన్నీ చుట్టుతిరిగి మళ్ళీ మొదటికే వచ్చేవి.

"ఈ మెలికల ముగ్గు భలే ఉందండీ, నాకూ నేర్పరూ?" అంది పక్కింటి ఆదెమ్మ.

"నేర్పుతా. మీ ఇంట్లో ఎంతమంది?"

ఆదెమ్మ ఆ నెలంతా ఆ వాకిలి తొక్కలేదు.

ఓసారి తన మెదడు ఫోటోనే తెచ్చి, ఎండకెత్తి చూపించాడు. "ఇది నాదే. ఏ లోపమూ లేదు."

"మిషను బాగుచేయించండి బాబూ," అన్నాడు పాలేరు రత్తయ్య.

ఎనభై రెండులో రాఘవమ్మ కూతురు కమలకి జగ్గయ్యపేట సంబంధం వచ్చింది. రాఘవమ్మ గుండెల్లో రాయి పడింది. మరిది బసవయ్యకి మతి స్థిమితం లేదు. ఆ సంగతి బయటపడి అప్పటికే రెండు సంబంధాలు వెనక్కిపోయాయి. అందుకని బసవయ్యని పెరటి గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. తమ్ముడి నోటికేం వెయ్యాలో మాత్రం తోచలేదు.

"ఒరేయ్ ప్రసాదూ, ఇవాళ ఆ మాట అడిగావో, నా మీద ఒట్టే!"

"అడగన్లే అక్కా."

పెళ్ళివారొచ్చారు. డాక్టరు నోట్లో జంతిక కుక్కుకుని కూర్చున్నాడు. మాట ఆపుకోలేక మొహం కందగడ్డ అయింది. పెళ్ళికొడుకు తండ్రి దశరథరామయ్య జాలిపడి, "కడుపులో ఏమన్నా బాధాండీ?" అన్నాడు.

"మీ ఇంట్లో మతి చెడినవాళ్ళు ఎంతమందండీ?" అనేశాడు డాక్టరు.

రాఘవమ్మ కాఫీ పళ్ళెంతో సహా కూలబడింది. అయిపోయింది, కొంప మునిగింది!

దశరథరామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఒక్కతేనండీ. మా చెల్లెలు రత్తమ్మ. ఇన్నేళ్ళలో అడిగిన నాథుడు లేడు. ఇవాళ కూడా గదిలో పెట్టి తాళం వేసొచ్చాం."

"మాకూ ఒకడున్నాడు. అక్కా, గొళ్ళెం తియ్యి."

బసవయ్య వచ్చాడు. వస్తూనే పెళ్ళికొడుకు పళ్ళెంలో జంతికలు తీసుకుని, "తినవేం? మొహమాటమా?" అని ఆ అబ్బాయినే గదమాయించాడు.

"రేపు పిల్లలకి వస్తుందాండీ?" అడిగాడు దశరథరామయ్య.

"రావచ్చు, రాకపోవచ్చు. వస్తే దాచకండి, నేనున్నా."

"అయితే మా చెల్లెలి సంగతి మీ పరిశోధనకి పనికొస్తుందన్నమాట."

"దానికి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు చాలండీ. ఇళ్ళల్లో దాచేసినవాళ్ళకి మందెవరిస్తారు? అడిగితేగాని ఎవరూ చెప్పరు. అందుకే అడుగుతూ తిరుగుతున్నా."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా వెధవా!" అంది రాఘవమ్మ, కళ్ళొత్తుకుంటూ.

అప్పటికప్పుడు పంతులుగారిని పిలిపించారు. ఆయన లగ్నపత్రిక రాయబోతుంటే దశరథరామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి పంతులుగారూ. ముందు డాక్టరుగారిని మందుచీటీ రాయనివ్వండి. ఆ మందు ఎన్నాళ్ళకి పనిచేస్తుందో కనుక్కుని, అప్పుడు పెట్టండి ముహూర్తం. మా రత్తమ్మ మేనల్లుడి పెళ్ళిలో ముందువరసలో కూర్చోవాలి."