మామ పసుపు, నా హెడ్‌ఫోను

మనిషికి రెండు చెవులిచ్చిన దేవుడు, వాటిమీద హెడ్‌ఫోను తగిలించుకొనే బుద్ధి నాకు పుట్టించకపోతే ఎంత బాగుండేది! అత్తవారి పరువునూ, వారి ఏడాది పంటనూ ఒకే గుటకలో మింగబోయిన ఘనకార్యం నాది. నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ సుజాత ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు మాకు కొత్తగా పెళ్లయింది. ఆర్మూర్‌లో అద్దె ఇల్లు. హాల్లో ఒక బ్లూటూత్ స్పీకరు పెట్టాను. దానికి పోటీగా హెడ్‌ఫోను తెప్పించాను. రెండింట్లో ఏది మేలో తేల్చాలని వీడియోలు చూసి చూసి, ధ్వనిశాస్త్రం నా జేబులోనే ఉందనుకొనే స్థితికి వచ్చాను. వాటి సారమేమిటంటే, పాటలు మోసం చేస్తాయి, తెలిసిన మనిషి గొంతే వినాలి. మంచి హెడ్‌ఫోనైతే శబ్దం చెవిలో కాక, ఎక్కడో దూరంగా పుట్టినట్టుంటుంది.

ఆ ఆదివారం పొద్దున మా మామ రాజన్న ఆలూర్ నుంచి పసుపు కొమ్ముల సంచితో దిగాడు.

"పసుపు కొనే సేటు ఈడికే వస్తనన్నడు అల్లుడా. నమూనా సూస్తడట."

నేను స్పీకరు ముందు తపస్సులో ఉన్నాను. "ఆఁ మామా" అన్నాను గాని, ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు.

స్పీకరు పరీక్ష ముగిసింది. ఇక హెడ్‌ఫోను వంతు. పడగ్గదిలో తలుపేసుకొని నా గొంతునే ఫోనులో రికార్డు చేశాను. ఏం మాట్లాడాలో తోచక మామను అనుకరించాను: "మా పసుపంటే బంగారం బిడ్డా, బంగారం!" ఆ వెంటనే నా సొంత గొంతుతో వ్యాఖ్యానం: "బంగారం లేదు, గింగారం లేదు. ఇంకా పచ్చిగనే ఉన్నది. ఇరిస్తే సప్పుడన్న రాదు. గిది కొనేటోడు గుడ్డోడన్న అయ్యుండాలె, మా మామకు సుట్టమన్న అయ్యుండాలె!"

హెడ్‌ఫోను తగిలించి మీట నొక్కాను. ఆహా! గొంతు చెవుల్లో లేదు. ఎక్కడో అవతల, అచ్చం మా హాల్లో పుట్టినట్టే ఉంది! ఒళ్లు పులకరించింది. కాకపోతే కాస్త సన్నగా వినిపిస్తోంది. పెంచాను. ఇంకా పెంచాను. మళ్లీ మొదటినుంచి వేసి, పరవశంతో కళ్లు మూసుకొన్నాను.

ఎవరో నా తలమీంచి హెడ్‌ఫోను ఊడబెరికారు. కళ్లు తెరిస్తే సుజాత.

"ఏం జేస్తున్నవయ్యా?"

"మస్తున్నది సుజాతా! అచ్చం హాల్లకెల్లి వచ్చినట్టే ఉన్నది."

"హాల్లకెల్లే వస్తున్నది! నీ ఫోను ఇంకా స్పీకర్‌కే కలిసున్నది. ఆడ సేటు వచ్చి కూసున్నడు. రెండుసార్లు ఇన్నడు!"

గోడలకు చెవులుంటాయంటారు. ఆ రోజు మా గోడకు నోరొచ్చింది. అదీ నా నోరే.

పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకొని హాల్లోకి నడిచాను. బషీర్ సేటు చాయ్ కప్పును పెదవుల దాకా తెచ్చి అక్కడే ఆపేశాడు. మామ ముఖం ఎండుమిరపకాయలా ఉంది.

"ఏంది రాజన్నా, ఇంట్ల అల్లుడే గిట్లంటుండు! నేనెట్ల కొనాలె?"

"అల్లునికేం ఎరుక సేటూ? పసుపును కూరల దప్ప ఎన్నడు సూడలే. నువ్వే ఇరిసి సూడు."

మామ వంగి సంచి మూతి విప్పాడు. ఏడాదంతా చేనులో వంగిన నడుము అది. నా పాపిష్టి నాలుక కోసుకోవాలనిపించింది.

"సేటూ, తప్పు నాదే. నేను కొమ్మును ముట్టనన్న ముట్టలే. ఉత్తగనే కూసిన," అన్నాను.

సేటు సంచిలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకొని విరిచాడు. ఠక్! దీపావళి టపాకాయలా పేలింది. ఇంకొకటి విరిచాడు. ఠక్! ఆయన ముఖం విచ్చుకుంది.

"ఫికర్ జెయ్యకు రాజన్నా. పసుపు మంచిగ ఎండింది. నీ అల్లుని చెవులే ఇంకా పచ్చిగున్నయి. జర వాటిని ఎండబెట్టు!"

సుజాత నవ్వు వంటింట్లోంచి వినిపించింది. దానికి ఏ స్పీకరూ అవసరం లేకపోయింది. బేరం కుదిరింది. మామ మళ్లీ నన్ను "అల్లుడా" అని పిలిచాడు.

ఆ పూటే పసుపు సంచి మీద చెయ్యి వేసి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఇల్లంతా వెతికి, ఉన్న చుట్టాలకు చాయిచ్చి, వాళ్లను బస్సెక్కించి, వీధి తలుపుకు గడియ పెడితే తప్ప చెవులకు ఏ యంత్రాన్నీ తగిలించను గాక తగిలించను!