బొంగరం పక్క సీటు

ఆ మనిషికి బొంగరం అని పేరు పెట్టినవాడెవడో గానీ వాడి నోట్లో పంచదార పొయ్యాలి. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు మొదలుకొని గేటు తీసే మనిషి దాకా అందరికీ అతను బొంగరమే. కాలు ఒకచోట నిలవదు. భోజనానికి కూర్చుంటే మోకాలు ఊగుతుంది, బల్లమీద మంచినీళ్ళ గ్లాసు దానితోపాటు ఊగుతుంది. సినిమాకి తీసుకెళ్తే సగంలో లేచి, హాల్లో ఫ్యాను ఎందుకు కీచుమంటోందో కనుక్కోవడానికి పోతాడు. మొదట పాత రేడియోలన్నాడు, తరవాత చేపల తొట్టెలన్నాడు, ఆపైన గోడ గడియారాలన్నాడు. ఏది పట్టినా పీకల్లోతు మునిగిపోవడం, అది కాస్తా దారికొచ్చిందంటే మళ్ళీ దాని మొహం చూడకపోవడం. ఇదేం బుద్ధయ్యా అని ఎవరైనా అడిగితే, "బాగున్నదానితో నాకేం పని?" అనేవాడు.

అతని భార్యకు వచ్చిన చిక్కల్లా అక్కడే. ఆవిడ బాగానే ఉంది మరి. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం, ఒంట్లో ఏ జబ్బూ లేదు, నోట్లో గయ్యాళితనం లేదు. విప్పి బాగుచేయడానికి మనిషిలో ఒక్క లోపమైనా ఉండాలి కదా! పద్దెనిమిదేళ్ళ కాపురంలో మొగుడు తన పక్కన తీరిగ్గా కూర్చున్న రోజులు ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టగలదు. వాటిలో రెండు అతనికి జ్వరమొచ్చిన రోజులు.

గడియారాల తరవాత అతని కన్ను ఇంట్లో ఉన్న పాత కారు మీద పడింది. నాలుగు తలుపుల చిన్న బండి, పాపం దాని మానాన అది నడుస్తోంది. దానికి టర్బో పెడతానన్నాడు. టర్బో అంటే ఇంజను వదిలే పొగ ఊపుకి తిరిగే చిన్న చక్రం. అది తిరుగుతూ బయటి గాలిని ఒత్తిపట్టి మళ్ళీ ఇంజనులోకే తోస్తుంది, దాంతో బండికి ఎక్కడలేని బలమూ వస్తుంది. బానెట్ కింద వేలు దూర్చే సందు కూడా లేదు కాబట్టి దాన్ని తీసుకెళ్ళి కారు వెనక, సైలెన్సరు ఉండే చోట బిగించాడు. ఇక చూడాలి తంటాలు. పొగేమో కారు పొడుగునా వెనక్కి పోవాలి, దారిలో చల్లారకుండా పైపుకి కట్టు కట్టినట్టు గుడ్డ టేపు చుట్టాలి. ఒత్తిన గాలి మళ్ళీ కారు కిందనుంచే ముందుకు రావాలి. టర్బోకి పోసిన ఆయిలు తనంతట తాను ఇంజనుకి ఎక్కి రాలేదు కనక, దాన్ని లాగడానికి వెనక సీటు కింద ఒక బుల్లి పంపు. వంటింటి గట్టు మీద పైపు ముక్కలు, స్నానాలగదిలో ఆయిలు బకెట్టు. ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుని ఊరుకుంది.

తీరా అంతా బిగించాక అసలు పని మొదలైంది. ఒత్తిన గాలికి సరిపడా పెట్రోలు కలపాలి. ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ళు గాలి పడుతోందో చూపించే మీటరు ఒకటుంది. పక్క సీటు ముందు తప్ప దానికి చోటు దొరకలేదు, బండి జోరుమీదున్నప్పుడు నడిపేవాడు తల తిప్పి దాన్ని చూడలేడు. కాబట్టి పక్కన ఒకరు కూర్చుని అంకె చదవాలి. మొదట బావమరిదిని కూర్చోబెట్టాడు. వాడూ ఆ లిఫ్టు కంపెనీలోనే పనిచేస్తాడు. రెండో పరుగుకే వాడు కారు దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకుని, "బావా, నాకు పెళ్ళాం పిల్లలున్నారు" అని దణ్ణం పెట్టేశాడు.

అలా ఆ సీటు ఆవిడకు దక్కింది.

ఆదివారం పొద్దున్నే ఊరి చివరికి పోయేవారు. మూతపడిన గిడ్డంగుల వెనక తిన్నటి రోడ్డు, పిట్ట కూడా ఉండదు. అతను కాలితో పెడలు అదిమితే బండి ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు ఆగి, వెనకనుంచి ఈల మొదలై, ఆపైన ఎవరో నెట్టినట్టు ముందుకు దూకేది. ఆవిడ ఒక చేత్తో తలుపు పట్టుకుని అంకెలు చదివేది.

"పదకొండున్నర దగ్గర నిలబడాలి. పైకి పోతే పెట్రోలు తక్కువైందని లెక్క, ఇంజను మాడిపోతుంది" అని మొదటిరోజే చెప్పాడు.

"కిందికి పోతే?"

"పెట్రోలు ఎక్కువైందని. పొగొస్తుంది, బండి దగ్గుతుంది. అంతకుమించి కొంప మునిగేదేం లేదు."

ఆవిడ ఆ ముక్క గుర్తుపెట్టుకుంది.

అయితే ఆవిడకు నచ్చింది ఆ పరుగు కాదు, పరుగు అయిపోయాక వచ్చేది. జోరుగా నడిపిన టర్బో నిప్పులా కాగి ఉంటుంది, వెంటనే ఇంజను ఆపితే లోపలి ఆయిలు మాడుతుంది. కాసేపు ఊరికే నడవనివ్వాలి. తిరుగుతున్న యంత్రాన్ని వదిలి పక్కకు పోకూడదన్నది లిఫ్టు పనిలో అతని ఒంటబట్టిన నియమం. దాంతో దిగడానికి లేదు, చేయడానికి పనీ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళాం పక్కన కూర్చోవలసిందే. దేవుడు మేలు చేసినట్టు అతనికి తోచేది కాదు, తోచక మాట్లాడేవాడు. కొత్తలో లిఫ్టు గోతిలోకి దిగినప్పుడు కాళ్ళు వణికిన సంగతి చెప్పాడు. ఆవిడ దుకాణం సంగతులు అడిగాడు. ఒక ఆదివారం మాటల్లో మాటగా ఆవిడ, తనకు లిఫ్టంటే భయమనీ దుకాణంలో మూడంతస్తులూ రోజూ మెట్లెక్కుతాననీ చెప్పింది.

అతను నోరు తెరిచాడు. "నీకు లిఫ్టంటే భయమా? ఇన్నేళ్ళలో నాకు చెప్పలేదే!"

"చెప్పేలోపు మీరు లేచి వెళ్ళిపోతారు కదండీ" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ తరవాతి ఆదివారం, బండి పూర్తి జోరు మీద ఉండగా, అంకె పదకొండున్నర దగ్గరికొచ్చి నిలిచిపోయింది. ఇటూ అటూ కదల్లేదు. పని అయిపోయిందని ఆవిడకు తెలిసిపోయింది. అంటే వచ్చే ఆదివారం ఉండదు. కారు రేడియోల దారిన, చేపల దారిన పోతుంది, ఈయన మళ్ళీ దేని వెంటో పడతాడు.

"ఎంత?" అని అరిచాడతను.

"పన్నెండుముప్పావు" అంది ఆవిడ.

నోరు తడబడలేదు. అబద్ధమే, కాదనడానికి లేదు. అయినా చూసి చూసి ఇంజను మాడని వైపే ఆడింది. అతను నాలుక చప్పరించి, బండి ఆపాక ఇంజనుకి తగిలించిన ల్యాప్‌టాప్ తెరిచి పెట్రోలు కాస్త పెంచి, "వచ్చే వారం చూద్దాం" అన్నాడు. ఆ వారమంతా ఆవిడ దుకాణం మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

వచ్చే వారమూ అదే, ఆ పై వారమూ అదే. అతను పెట్రోలు పెంచుతాడు, ఆవిడ మళ్ళీ పన్నెండు పైనే చదువుతుంది. పైపుల్లో ఎక్కడో గాలి దూరుతోందని ప్రతి అతుక్కీ సబ్బునీళ్ళు రాసి చూశాడు. చుట్టిన టేపంతా విప్పి మళ్ళీ చుట్టాడు. పెట్రోలు పంపు మార్చాడు. బండి వెనక నల్లటి పొగ మొదలైంది, పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుపోవడం మొదలుపెట్టారు. చివరికి ఇంజను ప్లగ్గులు విప్పి చూస్తే కాటుక పెట్టినట్టున్నాయి.

"ప్లగ్గు చూస్తే పెట్రోలు ఎక్కువంటోంది, మీటరు చూస్తే తక్కువంటోంది" అన్నాడు మసి చేతులతో గుమ్మంలో నిలబడి.

"మీటరే పాడైందేమో" అంది ఆవిడ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

మీటరు కూడా మార్చాడు. ఆవిడ దాన్నీ పన్నెండుంబావు అని చదివింది. అప్పుడతను ల్యాప్‌టాప్ మూసేశాడు. "నీ చూపు తప్పయ్యే ప్రశ్నే లేదు. ఊళ్ళో వాళ్ళందరి చూపూ చూసే మనిషివి" అన్నాడు చివరికి. "తప్పల్లా నా బుర్రలోనే ఉంది."

ఆ రోజు నుంచి అతని మోకాలు ఊగడం ఆగిపోయింది. పని నుంచి వచ్చి మంచం అంచున కూర్చునేవాడు. కూర్చుంటే కూర్చున్నట్టే. కూర్చోండీ, కాస్త కూర్చోండీ అని ఇన్నేళ్ళు మొత్తుకున్న మనిషి కళ్ళ ముందు మొగుడు కూర్చునే ఉన్నాడు. పిలిస్తే పలికేవాడు, పెట్టింది తినేవాడు. ఆవిడ కావాలనే కుళాయి సగం తిప్పి వదిలేసి, ఏమండీ కారుతోంది అంటే, "ప్లంబర్ని పిలువు" అన్నాడు.

శనివారం ఆవిడ తమ్ముడు దుకాణానికి వచ్చాడు, కళ్ళజోడు బిగించుకునే నెపంతో.

"అక్కా, బావకి ఏమైంది?"

"ఏమైందేం?"

"నీకు చెప్పలేదా? బ్రేకు పని వదిలేశాడు. లిఫ్టు గదుల తాళాలు తీసుకెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి, నా అంచనా తప్పుతోంది, నన్ను నమ్ముకుని లిఫ్టులో మనుషుల్ని ఎక్కించకండి అన్నాడట. ఇప్పుడు స్టోరులో బోల్టులు ఏరుతున్నాడు."

లిఫ్టు బ్రేకు సరిచేయడమంటే ఆ కంపెనీలో బొంగరం పనే. మిగతావాళ్ళు కొలత పెట్టి తంటాలు పడేదాన్ని అతను చెయ్యి వేసి సరిచేసేవాడు. ఆ చెయ్యి మీద ఇప్పుడతనికి నమ్మకం పోయింది. తమ్ముడి జోడు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఆదివారం అతను రానన్నాడు. ఆవిడే బతిమాలి, తాళం చెవులు చేతిలో పెట్టి బయల్దేరదీసింది. అదే రోడ్డు. బండి దగ్గుకుంటూ, పొగ కక్కుకుంటూ పరుగెత్తింది.

"ఎంత?" అన్నాడు, ఆశ లేని గొంతుతో.

"పది."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను. పది. పదకొండున్నర వచ్చి అయిదు వారాలైంది. ఆ రోజే మీ పని అయిపోయింది. నేనే తప్పు చెప్పాను."

అతను పెడలు మీంచి కాలు తీశాడు. బండి తనంతట తాను నెమ్మదించి, ఒక గిడ్డంగి గోడ పక్కకు చేరి నిలబడింది. ఇంజను తిరుగుతూనే ఉంది.

"కావాలని చెప్పావా?"

"కావాలనే."

అరుస్తాడనుకుంది. అరవలేదు. రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి, తిప్పి చూసుకున్నాడు. "నా చేతులు పోయాయనుకున్నానే" అన్నాడు. "పనికిరాకుండా పోయాననుకున్నాను. పొద్దున లేవబుద్ధయ్యేది కాదు."

ఆవిడకు ఏడుపొచ్చింది. "మీకింత అవుతుందనుకోలేదండీ. పని అయిపోతే ఇక్కడికి రారు. ఇలా నా పక్కన కూర్చోరు. అందుకు చెప్పాను."

"కూర్చోవడానికా? దానికి ఇంత నాటకమా? అడిగితే కూర్చునేవాణ్ణి కదా."

"అడిగాను" అంది ఆవిడ. "పెళ్ళైన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నాను."

ఎప్పుడు అడిగిందో గుర్తుచేసుకోవాలని చూస్తున్నట్టు అతను ముందున్న గోడకేసి చూశాడు. ఒక్కటీ గుర్తు రాలేదు కాబోలు, మొహం పాలిపోయింది. బండి ఇంటివైపు తిప్పాడు. ఇంటి దగ్గర కారు దిగేటప్పుడు, "రేపు నువ్వే వచ్చి చెప్పాలి మా సూపర్‌వైజరుకి. నేను చెప్తే నమ్మడు" అన్నాడు.

సోమవారం ఆవిడ దుకాణానికి సెలవు పెట్టి వెళ్ళింది. సూపర్‌వైజరు మంచివాడే గానీ మెత్తనివాడు కాదు. "తన అంచనా తప్పుతోందని తనే చెప్పినవాడికి బ్రేకు ఎలా అప్పజెప్పమంటారమ్మా? లోపల మనుషులుంటారు" అన్నాడు.

"ఆయన అంచనా తప్పలేదండీ. మా కారులో మీటరు నేను తప్పు చదివాను."

"చత్వారమా?"

ఎంత మంచి మాట అందించాడు మహానుభావుడు! అవునంటే సరిపోయేది. గదిలో నలుగురు పనివాళ్ళున్నారు, ఫైళ్ళ బీరువా పక్కన తమ్ముడున్నాడు, గుమ్మం దగ్గర మొగుడున్నాడు. ఆవిడ గొంతు సవరించుకుంది.

"నా కళ్ళకేం కాలేదు. తెలిసే తప్పు చదివాను. ఆ పని అయిపోతే ఈయన నా పక్కన కూర్చోరండీ. అందుకని అవనివ్వలేదు."

తమ్ముడు పైకప్పు కేసి చూశాడు. సూపర్‌వైజరు ఆవిణ్ణి చూసి, బొంగరాన్ని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సొరుగులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మధ్యాహ్నం నేను కూడా వస్తాను. నా ఎదుట ఒక బ్రేకు బిగించు, చూసి అప్పజెప్తాను" అన్నాడు.

బయటికొచ్చాక బొంగరం చెవులు ఎర్రగా ఉన్నాయి. "చత్వారం అంటే పోయేది కదా. నలుగురిలో పరువు తీశావు" అని గొణిగాడు. తిడితే పడదామనే ఆవిడ నిశ్చయించుకుంది. నువ్వు వెళ్ళు, నేను పోతానంటాడనుకుంది గానీ, అతను బస్సు స్టాపు దాకా వెంట నడిచాడు. అక్కడ నిలవలేక నిలబడ్డాడు. స్టాపు రేకు ఊగుతుంటే దాని బోల్టు పట్టుకుని చూశాడు, జేబులో తాళాలు గలగలలాడించాడు, రోడ్డు కేసి నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు. అంతలో బస్సు వచ్చి ఆగింది. ఆవిడ సంచీ సర్దుకుని ఎక్కబోయింది.

"తరవాతది ఎక్కుదువుగానిలే" అన్నాడు అతను, బెంచీ మీద కూర్చుంటూ.