గుర్రప్పందెం రీలులో నేను కోసిన ముక్క

మా హాళ్లలోకి డిజిటల్ యంత్రాలు రావడానికి ఏడాది ముందు, వేసవిలో, నన్ను విజయనగరం నుంచి కొత్తవలసలోని ఒక సినిమా హాలుకు హెడ్ ఆపరేటరుగా మార్చారు. సర్కారు పరీక్ష పాసై లైసెన్సు పుచ్చుకున్నవాడే ఆపరేటరు. అతని కింద ఒక అసిస్టెంటు. ప్రొజెక్టరు నడిపే బూత్ లోపల మేనేజరు మాట కూడా చెల్లదు. ఆ అధికారం నా తలకు కాస్త ఎక్కువే ఎక్కింది.

నా చేతిలో ఆట మధ్యలో బొమ్మ తెగదని చుట్టుపక్కల హాళ్లన్నిటిలో పేరుండేది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ప్రింటు పెట్టె రాగానే ఆపరేటరు చేయవలసిన మొదటి పని చెకింగ్. ప్రతి రీలునూ చేత్తో తిప్పుతూ, అంచుల్ని రెండు వేళ్ల మధ్య నడిపించి, యంత్రం పళ్లు పట్టుకునే చిల్లులు ఎక్కడ చిరిగాయో పట్టుకోవాలి. చిరిగినచోట టేపు వేసి ఒక్కొక్క చిల్లే బాగుచేయాలి. తప్పనిసరైతే ఒకటి రెండు ఫ్రేములు కోసి, జాయింటు వేసి, కోసిన ముక్కను పెట్టెలోనే ఉంచి, రిపోర్టులో రాయాలి. నేనైతే చిరుగు మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఒకే కత్తెర వేసేవాణ్ణి. ఇక తెగడానికేముంది!

ఆ వారం మార్నింగ్ షోకు ఒక పాత బ్లాక్ అండ్ వైట్ హాస్యచిత్రం వచ్చింది. గుర్రమంటే వణికిపోయే గుమస్తా పొరపాటున పందెంలో సవారీ చేయవలసి రావడం కథ. ప్రింటు ముసలిది. పందెం మొదలయ్యే రీలులో చిల్లులు వరసగా చిరిగి ఉన్నాయి. బాగుచేయాలంటే పూటంతా పడుతుంది. నిమిషానికి పైగా నడిచే ముక్కను కోసేసి, రిపోర్టులో ఏమీ రాయకుండా, చుట్టచుట్టి బల్ల కింద పడేశాను.

మర్నాడు పైడమ్మ వచ్చింది. తీరం నుంచి ఎండుచేపలు తెచ్చి కొత్తవలస సంతలో అమ్మే మనిషి. యాభై దాటి ఉంటుంది. పోస్టరు చూసి నేరుగా బూత్ మెట్లెక్కేసింది.

"బాబూ, ఈ బొమ్మలో మా అయ్య ఉన్నాడు. పందానికి ముందర గుర్రాన్ని అట్టుకుంటే, అది మా అయ్య తలపాగా లాగీసి నమిలీసినాది. అయ్య పకపకా నవ్వీసినాడంట. నాను సూడనేదు. సూపిత్తావు కదా?"

ఆమె తండ్రి వయసులో ఉండగా మద్రాసు వెళ్లి, పందెపు గుర్రాలను చూసుకునే పని చేస్తూ ఈ బొమ్మలో కనిపించాడట. తిరిగొచ్చి ఆ సంగతి చెబితే, సముద్రంలో వలేసుకునేవాడికి గుర్రాలేమిటని ఊరు ఊరంతా నవ్విందట. చచ్చిపోయేదాకా ఆయనకు కోతలరాయుడన్న పేరు పోలేదట. ఆ బొమ్మకు ఆఖరి ఆట అయిన ఆదివారం పొద్దుటి ఆటకు నవ్వినవాళ్లనే వెంటబెట్టుకొస్తానని చెప్పి వెళ్లింది.

ముక్క ఇంకా బల్ల కిందే ఉంది. చేతిలో ఒక పూర్తి రోజుంది. తీసి చూడవలసింది, చూడలేదు. ముసలాళ్లంతా సినిమాల్లో వేశామనే చెబుతారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ ముక్క అతికిస్తే ఆదివారం నిండిన హాల్లో బొమ్మ తెగుతుందేమో, ఈలలు పడతాయేమో అని నా భయం.

ఆదివారం పైడమ్మ పదిమందితో వచ్చి ముందు వరసలో కూర్చుంది. గుర్రాలు మైదానంలోకి రావడం, సంగీతం ఒక్క గెంతు గెంతడం, పందెం సగంలో ఉండటం, మూడూ ఒక్క క్షణంలో అయిపోయాయి. ఆట వదిలాక ఆమె మరిది గొంతు బూత్ దాకా వినిపించింది.

"ఏటి వదినా, ఆ గుర్రం తలపాగాతో పాటు మావని కూడా మేసీసినాదేటి?"

అందరూ విరగబడి నవ్వారు. పైడమ్మ నవ్వలేదు. పైకొచ్చి, గుమ్మంలో నిలబడి అడిగింది.

"బాబూ, బొమ్మంతా ఏసినావా? ఏటైనా ఒగ్గీసినావా?"

"అంతా వేశానమ్మా," అన్నాను.

ఆమె వెళ్లాక ముక్కను తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. సన్నటి మనిషి, గుర్రం పళ్ల మధ్య సాగిన తలపాగా, నోరంతా తెరిచిన నవ్వు. పరుగెత్తితే సంత మలుపులోనే ఆమె దొరికేది. తేలు కుట్టిన దొంగలా ముక్కను పెట్టెలో వేసి మూత బిగించాను. మర్నాడు పెట్టె ప్రింట్లు పంపే డిపోకు వెళ్లిపోయింది. ఆ ప్రింటు మళ్లీ నా కంటపడలేదు.

రిటైరయ్యాక, కిందటేడాది, సంతలో ఆమెను వెతికి పట్టుకుని జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. చేపలు సర్దుతూనే విన్నది.

"నాకేటి సెప్తావు బాబూ? మా అయ్య అబద్దమాడడని నాకు ముందే తెలుసు. నాను అడిగినప్పుడు బొమ్మంతా ఏసినానని నువ్వన్న మాట ఆలందరికీ సెప్పినాను. ఇప్పుడు ఆల దగ్గరికొచ్చి సెప్పు. మా మరిది ఇంకా ఉన్నాడు."

వచ్చే ఆదివారం వస్తానన్నాను. వెళ్లలేదు.

కోసిన ముక్కను పెట్టెలో ఉంచి రిపోర్టులో రాయాలన్న నిబంధన ఎందుకు పెట్టారో ఉద్యోగమంతా అయ్యాక నాకు అర్థమైంది. తప్పు ఎవరి ఎదుట జరిగిందో వాళ్ల ఎదుటే ఒప్పుకోవాలనీ అర్థమైంది. అది ఇక్కడ రాయగలిగాను. పైడమ్మ ఊరికి వెళ్లే బస్సు మా వీధి చివరే ఆగుతుంది, ఇంకా ఎక్కలేదు.