యిప్ బాబాయికి నిద్ర పట్టదట

యిప్ బాబాయికి నిద్ర పట్టదు. ఈ సంగతి మా క్లినిక్‌కే కాదు, కింద నూడుల్స్ కొట్టువాడికీ, ఆయనతో ఒక్కసారి లిఫ్టు ఎక్కినవాడికీ తెలుసు. హాంకాంగ్ ఫెర్రీల్లో ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల పక్కన అరిచిన గొంతు అది. మెల్లగా మాట్లాడటం దానికి చేతకాదు.

నిద్ర పట్టనివాళ్ళకి ప్రశ్నల కాగితం ఇవ్వడం నర్సుగా నా పని. నిద్ర కోసమని మనం పడే పాట్లే చాలాసార్లు నిద్రని చెడగొడతాయి. అవేమిటో తెలిస్తేనే డాక్టరమ్మ మాన్పించగలదు. మా పేషెంట్లేమో అన్నిటికీ మధ్య గడిలోనే టిక్కు పెడతారు. 'ఎప్పుడూ' అంటే ఇంటి పరువు పోతుంది, 'అసలు లేదు' అంటే డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంటుంది. ముప్ఫై ప్రశ్నలకీ 'అప్పుడప్పుడు'. చూసి చూసి నాకు ఒళ్ళు మండేది.

బాబాయి భార్య సౌ-హా పిన్ని అందరిలోకీ మర్యాదస్తురాలు. ఆవిడా నిద్ర పట్టకే మా దగ్గరికొస్తుంది. కాగితం ఇచ్చిన రెండుసార్లూ అలాగే నింపింది. నిద్రమాత్రల మత్తుకి పగలు తూలి ఓసారి మెట్ల మీద జారింది కూడా. ఈసారైనా నిజం రాయకపోతే ఆ మాత్రలే గతి అంది డాక్టరమ్మ.

మూడోసారి బాబాయి తనకీ ఓ కాగితం కావాలని పట్టుబట్టాడు. హాలు మధ్యలో కూర్చుని ప్రశ్నలు పైకి చదువుతూ జవాబులు మొదలెట్టాడు. మధ్యాహ్నం మూడింటికే పక్క ఎక్కుతాడట. నిద్ర చెడుతుందని చెల్లెలి మనవడికి నెల నిండిందని చేసిన విందు ఎగ్గొట్టాడట. వంట చేస్తే అలసటని వారమంతా గంజేనట. హాలంతా నవ్వింది. ఓ ముసలాయన మాత్రం నవ్వకుండా తన టిక్కులు చెరిపి మళ్ళీ పెట్టుకున్నాడు.

"సిగ్గు లేదా మీకు?" అంది పిన్ని తల దించుకుని.

"నిద్ర పట్టనోడికి సిగ్గేంటే? అన్నిటికీ 'ఎప్పుడూ'లోనే టిక్కు కొట్టేస్తున్నా."

పదకొండో ప్రశ్న సగంలో గొంతు ఆగింది. చూస్తే గోడకి తల ఆనించి, నోరు తెరుచుకుని, గుర్రు. నేను తెల్లబోయాను.

"ఆయనకి నిద్రలేకపోవడమేంటమ్మా, కూర్చుంటే చాలు" అంది పిన్ని నా చెవిలో. "ఆ చెప్పినవన్నీ నేను చేసేవే."

ఆయన చేతిలోంచి కాగితం మెల్లగా లాక్కుంది. పైన ఆయన పేరు కొట్టేసి తన పేరు రాసింది.

"గంజి వారం కాదు, రెండు వారాలు" అంటూ మిగతా ప్రశ్నలకీ నిజమే నింపింది.

కాగితం చూసి డాక్టరమ్మ, మధ్యాహ్నం పడకతో మొదలుపెట్టి ఒక్కోటీ మాన్పిద్దామని, మాత్రలు తగ్గించొచ్చని అంది. హమ్మయ్య అనుకున్నాను.

బాబాయి ఉలిక్కిపడి లేచాడు. "నేను నిద్రపోయానా?"

"మీకు నిద్రెక్కడ పడుతుంది?" అంది పిన్ని, హాలంతా వినేలా.