ఆకాశం నడుమ కాటుక చుక్క

ఆ రోజుల్లో నాకు ఆకలి కంటే కోపం ఎక్కువ. తెలంగాణ కొత్తగా వచ్చింది, నేను హైదరాబాద్ బొమ్మల కాలేజీలో చివరి ఏడాదికి వచ్చాను, ఇక లోకమంతా నా మాట వింటుందని ఎందుకో గట్టి నమ్మకం. సెలవులకు మా ఊరు హాలియా వచ్చి, యూరప్ చిత్రకారుల వెలుగునూ కథలు చెప్పే మన పటం బొమ్మల ఎర్రటి నేలనూ కలిపి కాలువ కింది వరి పొలాలను వేశాను. (నీడలకు ఊదా రంగు వేస్తే "మడికి తెగులు వట్టిందా బిడ్డా?" అని మా బాపు నిజంగానే కంగారు పడ్డాడు.) ఆ బొమ్మను పరీక్షకు తీసుకుపోవాలి. అది చెడితే నా ఏడాది చెడినట్టే.

బయలుదేరే రోజు పొద్దున లేచి చూస్తే, ఎంతో గోసపడి ఖాళీగా ఉంచిన ఆకాశం నడుమ నల్లటి చుక్క! "ఎవరు పెట్టిన్రు గిది?" అని ఇల్లు అదిరేలా అరిచాను.

"నేనే," అంది మా ఇంట్లోనే ఉండే మేనత్త, కాటుక డబ్బీ ఇంకా చేతిలోనే ఉంది. "నిన్న వాడకట్టోళ్లంత నోరు తెరుసుకొని జూసిపాయిరి. దిష్టి తగలదా మరి?"

"బొమ్మకు దిష్టేందత్తా! నా బతుకు నాశనం జేసినవ్!"

"చిన్నప్పుడు నీ బుగ్గకు గూడ పెట్టిన. నాశనమైనవా?"

"పెడితే పెట్టినవు, గట్ల నడుమ పెడ్తరా?"

"నడుమ పెడ్తెనే గదనే కండ్లు దాని మీద వడేది!"

పళ్లు కొరుక్కుంటూ గుడ్డతో తుడిచాను. రంగు ఇంకా ఆరలేదేమో, చుక్క పోలేదు సరికదా, చుట్టూ మసి అలుముకుంది. అత్తతో మాట్లాడకుండానే బస్సెక్కాను. (ఆమె కట్టిచ్చిన పులిహోర మాత్రం హాలియా పొలిమేర దాటకముందే తినేశాను.)

పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దమనిషి నా ఊదా నీడలను చూడలేదు, ఎర్ర నేలను చూడలేదు. చుక్క ముందే నిలబడి, "పాశ్చాత్య ఆకాశంలో భారతీయ బిందువు! అద్భుతం!" అన్నాడు. ఫస్టు క్లాసు వచ్చింది. ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఫోన్ చేసి చెబితే, "జూసినవా, దిష్టి తగల్లె," అని అత్త ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు అత్త లేదు. నా బొమ్మల్లో ఆ చుక్కకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. అయినా బొమ్మ పూర్తికాగానే కాటుక డబ్బీ వెతుక్కుంటాను. పెట్టడం మాత్రం ఓ మూలకే. నడుమ పెట్టే ధైర్యం నాకింకా రాలేదు.