పదహారు గడుల బూర

ఒక్క బొమ్మతో బ్యాండుమేళం మొత్తాన్ని నవ్వులపాలు చేసిన ఘనత నాది. అదేదో గోడంత బొమ్మ అనుకునేరు. కందిగింజంత! కందిగింజంత బొమ్మకు కొంపలు మునుగుతాయా అని అనుమానమా? అయితే కాస్త తీరిగ్గా కూర్చోండి. మునిగిన కొంప మా మేనమామది.

తొంభై తొమ్మిదో సంవత్సరం. కామారెడ్డిలో ఖాదర్ అన్న కొత్తగా ఇంటర్నెట్ దుకాణం తెరిచాడు. ఉన్నది ఒకటే టెలిఫోన్ లైను. ఇంటర్నెట్ నడిస్తే ఫోన్ రాదు, ఫోన్ రావాలంటే ఇంటర్నెట్ ఆపాలి. నేను అక్కడే పనికి కుదిరాను. కంప్యూటర్ కోర్సు అప్పుడే పాసయ్యాను కనుక, ప్రపంచంలో నాకు రానిది ఇంకేమైనా మిగిలిందా అని వెతుక్కుంటున్న రోజులవి.

మా నర్సింలు మామకు ఎల్లారెడ్డిలో పెళ్లిళ్ల బ్యాండు ఉండేది. పేరు సుస్వర బ్యాండు. ఇంటింటా బీడీలు చుట్టే మా వైపు పుట్టి కూడా మామ బీడీకి బద్ధశత్రువు. "బూర ఊదెటోనికి ఊపిరే ఆస్తిరా" అనేవాడు. తన మేళంలో ఎవరి దగ్గరైనా బీడీ వాసన వస్తే చాలు, చేతిలో బూర గుంజుకుని నెత్తిన ట్యూబులైటు పెట్టి నడిపించేవాడు. ఆయన బ్యాండులో లైట్లు మోసేవాళ్లకు ఎన్నడూ కొదవ రాలేదంటే, ఎందుకో మీరే అర్థం చేసుకోండి.

అప్పట్లో ఆడపిల్లల తండ్రులు చాలామంది గల్ఫులో ఉండి, అక్కడినుంచే పెళ్లి ఏర్పాట్లు చూసుకునేవాళ్లు. వాళ్ల కోసమని మామ బ్యాండుకు నేనొక వెబ్‌సైటు తయారుచేశాను. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. సైటును ఎవరైనా తమ బ్రౌజర్‌లో దాచుకుంటే, పేరు పక్కన ఒక బుల్లి బొమ్మ కనిపించేలా చేయవచ్చని ఎక్కడో చదివాను. మామకు చెప్పాను.

"పెట్టు! నా ఫొటో పెట్టు. కోటు, టోపీ పూరాగ కనవడాలె. ఎనుక మనోళ్లంత లైనుల నిలవడాలె. లైట్లు గూడ రావాలె."

"మామా, అడ్డం పదహారు గడులు, నిలువు పదహారు గడులు. గంతే జాగ."

"గంతేనా? మరి నా మీసం?"

"మీసమొక్కటే పెట్టినా ఒక కొస బయటికొస్తది."

మామ మీసం తడుముకుంటూ కాసేపు బాధపడ్డాడు. "సరే, బూర పెట్టు. గని బంగారం లెక్క మెరవాలె. ఊదుతుంటే సప్పుడు గూడ కనవడాలె."

తెలివిగల పిల్లయితే, చప్పుడు కనబడడమేమిటని అడిగేది. నేను "అయితది మామా" అన్నాను.

తెరనిండా గడులు పరిచి, ఒక్కో గడిని బిస్కెట్టంత పెద్దది చేసుకుని మొదలుపెట్టాను. సన్నగా మొదలై ముందుకు పోనుపోను వెడల్పయ్యే బూర. బంగారమంటే పసుపు, దానికి నీడ కోసం కాస్త గోధుమరంగు. వెడల్పాటి నోటి దగ్గర ధగధగలాడే ఎరుపు. పట్టుకునే చోట అందానికి ఒక కుచ్చు. మామ అడిగిన చప్పుడు కోసం, ఆ నోట్లోంచి మెలికలు తిరుగుతూ పైకి పోయే బూడిదరంగు గీతలు. రాజాస్థానంలో చిత్రకారుణ్ణి కూడా పక్కకు జరగమనేంత గర్వం వచ్చింది నాకు.

ఖాదర్ అన్న వచ్చి చూశాడు. "వాహ్ చెల్లె! గీ బూర చూస్తుంటే నాకు పెండ్లి చేసుకోవాలె అనిపిస్తున్నది."

"నీకు అయింది గదన్నా!"

"అందుకే మెల్లగ చెప్తున్న."

ఇంతమంది మెచ్చుకున్నాక (ఇంతమంది అంటే ఖాదర్ అన్న, నేను) దాన్ని అసలు సైజులో ఒకసారి చూద్దామన్న ఆలోచన ఎందుకు వస్తుంది? సైటులోకి ఎక్కించేశాను.

ఆ ఏడాది మామ కన్నంతా తాడ్వాయి గంగారాం గారి బిడ్డ పెళ్లి మీదే. గంగారాం గారు మస్కట్‌లో మేస్త్రీ. ఆ పెళ్లిమేళం దక్కితే చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ మనవేనని మామ లెక్క. ఆయన అక్కడ సైటు చూసి మా దుకాణానికి ఫోన్ చేస్తానన్నాడు. మామ బ్యాండు కోటు, టోపీ వేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు.

"ఫోన్ల కోటు కనవడదు మామా."

"నాకు కనవడ్తది గదనే. మాట దమ్ముగ వస్తది."

ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"సైటు చూసిన బిడ్డా, మంచిగున్నది. మల్ల చూద్దామని దాచిపెట్టిన. గని మీ బ్యాండు పేరు పక్కన గా బీడీ ఎందుకున్నది?"

"బీడీ కాదు సార్. బూర."

"బీడీ తెల్వదా నాకు? కొస సన్నగ, ముంగట లావు. సన్నకొసకు దారం కట్టున్నది. ముంగట నిప్పు. పొగ గూడ లేస్తున్నది. మా రూమోళ్లందరిని పిలిచి చూపెట్టిన. అందరికీ ఇల్లు యాదికొచ్చింది!"

"ఏమంటున్నడే?" అన్నాడు మామ.

"బొమ్మ బాగున్నదంటున్నడు."

మామ నా చేతిలోంచి ఫోన్ గుంజుకున్నాడు. వింటున్నకొద్దీ ఆయన మొహం కూడా నేను వేసిన రంగులన్నిటికీ వరసగా తిరిగింది. "ఒక్క నిమిషమాగి మల్ల చెయ్యండి సార్" అని పెట్టేసి, "చూపెట్టు" అన్నాడు.

ఇంటర్నెట్ పెట్టి, సైటును జాబితాలో దాచి చూశాను. చక్కగా చుట్టి, దారం కట్టి, అప్పుడే అంటించిన బీడీ. నోరూరేలా ఉంది.

"గా పొగేందే?"

"పొగ కాదు మామా, సప్పుడు. నువ్వే అడిగినవ్."

ఆదరాబాదరాగా బూర చెరిపేసి ఒక డోలు గీసి ఎక్కించాను. మళ్లీ చూస్తే బీడీ. దుకాణం తలుపులు మూసి తెరిచినట్టు తెర మీదివన్నీ మూసి తెరిచాను. బీడీ.

"తీసేసిన మామా! పాత బొమ్మను కంప్యూటర్ లోపల దాచుకున్నది."

"నీ కంప్యూటర్ గూడ సాటుంగ బీడీ తాగుతున్నదా?"

ఖాదర్ అన్న కంప్యూటర్ ఆర్పి వెలిగించాడు. బీడీ మాత్రం ఆరలేదు. ప్రపంచంలో ఎంత కాలినా అయిపోని బీడీ అదొక్కటే.

ఇంటర్నెట్ ఆపగానే మళ్లీ ఫోన్. మామ కోటు గుండీలు సరిచేసుకుని, ఏడుపు గొంతుతో అందుకున్నాడు. "మా బ్యాండుల ఒక్కడు గూడ బీడీ ముట్టడు సార్. అది మా పిల్ల చేసిన తప్పు."

అవతల పెద్ద నవ్వు. దూరంగా నిలబడ్డ నాకూ వినిపించింది. "ముడితే నాకేంది నర్సింలు? మా ఊరోళ్లు శాన బ్యాండ్ల పేర్లు చెప్పిండ్రు, ఒక్కటి యాదికి లేదు. నీది సచ్చినా మర్వ. బీడీ బ్యాండే రావాలె మా ఇంటికి!"

బేరం ఖాయమైంది. మామ మాత్రం కూలబడ్డాడు.

పెళ్లినాడు గంగారాం గారు వాకిట్లోనే "బీడీ బ్యాండు వచ్చిందిరా!" అని కేక పెట్టాడు. ఆ పేరు తాడ్వాయి నుంచి పోచారం దాకా పాకింది. మామ పట్టుదలకు పోయి డోళ్ల మీద 'సుస్వర బ్యాండు' అని మూరెడేసి అక్షరాలు రాయించాడు. తర్వాత మహమ్మద్‌నగర్ పెళ్లికి పోతే, అవి చదివిన పెళ్లివారు "మేం చెప్పింది బీడీ బ్యాండుకు, మీరెవరు?" అని ఊరి బయటే నిలబెట్టారు. "మేమే బీడీ బ్యాండు" అని మామ తన నోటితో తానే చెప్పుకుంటే గాని లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత మామ నాతో చాలాకాలం మాట్లాడలేదు.

ఇంతలో ఒకనాడు నిజంగానే ఒక బీడీల కార్ఖానా సేటు మా దుకాణానికి వచ్చాడు.

"నర్సింలు బ్యాండుకు బీడీ గీసింది నువ్వేనా బిడ్డా? మాకు గూడ ఒకటి గియ్యి."

పోయిన పరువు నడిచి వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టయింది. పాతది ముట్టుకోలేదు. ఎదురుగా అసలు బీడీ పెట్టుకుని, ఆకు ఈనెతో సహా, కొత్తగా గీశాను. సేటు అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మస్తున్నది బిడ్డా. గని మా బీడీలకు సన్నాయి ఎందుకు?"

ఆ సాయంత్రమే కంప్యూటర్ నెత్తిన చెయ్యి పెట్టి, ఖాదర్ అన్న సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో గుండ్రటి వస్తువు తప్ప మరొకటి గీయను. లడ్డు సూర్యుడిలా కనిపించినా, సూర్యుడు లడ్డులా కనిపించినా ఎవరికీ నష్టం లేదు. ఆ ఒట్టు నేటికీ తప్పలేదు. పొడుగాటి వస్తువు పట్టుకుని ఎవరు వచ్చినా, లేచి నిలబడి దండం పెట్టి, పక్క దుకాణం చూపిస్తున్నాను.